ఒంగోలు గిత్త నడవడం లేదు, జారుతోంది: పిక్సెల్ బొమ్మని నడిపించడం ఎట్టా?

సింగరాయకొండ_చిన్నోడు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. బండలాగుడు పోటీల మీద ఒక చిన్న గేమ్ చేయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. చిన్నప్పుడు చుట్టుపక్కల ఎక్కడ తిరునాళ్ళ జరిగినా మా నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని పందెం చూపించేవాడు. బండ కదిలే ముందు ఒక్క క్షణం జనం అంతా గుక్క బిగబట్టి నిలబడతారు చూడండి, అది నా గేమ్‌లో రావాలి.

కోడింగ్ వరకు గోడో అనే గేమ్ ఇంజన్‌లో నెట్టుకొస్తున్నాను. బొమ్మల దగ్గరే ఆగిపోయాను. పిస్కెల్ అనే పిక్సెల్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో 128×128 సైజులో గిత్తని గీశాను. దాదాపు 20 రంగులు వాడాను. 8 ఫ్రేముల నడక చేశాను, అంటే వరుసగా మారే 8 బొమ్మలు. ప్లే చేస్తే గిత్త నడిచినట్టు లేదు, కింద చక్రాలు పెట్టి ఎవరో తోస్తున్నట్టు జారుతోంది. కాళ్ళు ఆడుతున్నాయి, నేల మాత్రం వాటికి సంబంధం లేనట్టు పోతోంది. పైగా తెల్లటి ఒళ్ళు కదా, షేడింగ్ వేస్తే మురికి పట్టినట్టు ఉంది, వేయకపోతే కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంది.

నాలుగు నెలలైంది. ఫ్రేములు పెంచితే సరిపోతుందా? 16 చేయమంటారా? లేక మొత్తం మొదటి నుంచి గీయాలా? లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే పరిస్థితి ఇప్పుడు లేదు.


పెన్నా_గట్టు | శనివారం, రాత్రి 10:25

తమ్ముడూ, ఫ్రేములు పెంచొద్దు. ఉన్న 8 సరిగ్గా లేనప్పుడు 16 గీస్తే రెండింతల తప్పు గీసినట్టే. మొదటి నుంచే గీయి, కానీ చిన్నగా గీయి.

నేను నెల్లూరులో ఇంటి నుంచే గేములకి క్యారెక్టర్లు గీస్తాను, పదేళ్ళు దాటింది. కొత్తవాళ్ళు నాకు పంపే బొమ్మల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, సైజు పెద్దగా పెట్టుకోవడం. 128×128 అంటే పదహారు వేల పైచిలుకు గడులు, అంటే పిక్సెళ్ళు. వాటిలో ఒక్కో గడి గురించి నువ్వు ఆలోచించలేవు. అప్పుడు చేసేది మామూలు డ్రాయింగే, పిక్సెల్ ఆర్ట్ కాదు. 8 ఫ్రేములంటే దాన్ని ఎనిమిది సార్లు చేయాలి.

ముందు స్క్రీన్ సైజు తేల్చుకో. 320×180 తీసుకుంటే ఆరు రెట్లు చేసినప్పుడు సరిగ్గా 1920×1080 అవుతుంది, నాలుగు రెట్లకి 1280×720 అవుతుంది. ఎక్కడా సగం పిక్సెల్ మిగలదు. ఆ స్క్రీన్‌లో గిత్త 48 వెడల్పు, 32 ఎత్తు ఉంటే చాలు. తోలే మనిషి 16×24 సరిపోతాడు.

చిన్న సైజులో ఏం పడుతుందిలే అనుకోకు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో చిన్న మారియో 16×16 గడుల్లోనే ఉంటాడు. అతనికి టోపీ, మీసం ఎందుకు వచ్చాయో తెలుసా? అన్ని తక్కువ గడుల్లో జుట్టు గీయడం, అది ఊగేట్టు చేయడం కష్టమని టోపీ పెట్టారు. ముక్కు ఎక్కడ అయిపోయిందో తెలియాలని కింద మీసం పెట్టారు. చోటు లేక చేసిన పని ఆ మనిషికి గుర్తయి కూర్చుంది. నీ గిత్తలో కూడా ఏది ఉంటే అది ఒంగోలు గిత్త అవుతుందో, ఏది లేకపోయినా పర్వాలేదో వెతుక్కో.

ఈ రాత్రికి ఒకే పని చెయ్యి. రంగులు వద్దు. 48×32లో మొత్తం నలుపుతో నింపిన ఆకారం ఒక్కటి గీయి. మీ ఇంట్లో వాళ్ళకి చూపించి ఇదేంటని అడుగు. ఎద్దు అంటే సగం పని అయినట్టు. ఒంగోలు గిత్త అంటే మిగతాది మాట్లాడుకుందాం.

సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టక్కర్లేదు. పిస్కెల్ బాగానే ఉంటుంది కానీ అందులో అన్ని ఫ్రేములకీ కలిపి ఒకే వేగం. ఒక ఫ్రేముని కాసేపు నిలపాలంటే దాన్నే రెండు మూడు సార్లు కాపీ చేసుకోవాలి. లిబ్రెస్ప్రైట్ ఉచితం, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, ఒక్కో ఫ్రేముకి విడిగా టైము పెట్టుకోవచ్చు. నీ గేమ్‌కి అది అవసరం పడుతుంది.


పడుగు_పేక | ఆదివారం, ఉదయం 6:50

మాది వెంకటగిరి. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా ఇంట్లో ఇప్పటికీ నెల్లూరు జిల్లా అనే నోటికి వస్తుంది. నేత కుటుంబం. నాన్న చీరల అంచులకి గ్రాఫు గీసేవారు. అందుకే ఈ టాపిక్ చూడగానే రాయాలనిపించింది.

గ్రాఫు అంటే గళ్ళ కాగితం మీద డిజైను. నింపిన గడి దగ్గర పడుగు పోగు (నిలువు పోగు) పైకి లేస్తుంది, ఖాళీ గడి దగ్గర లేవదు. గ్రాఫులో ఒక్కో వరుసకి ఒక్కో అట్ట కొడతారు, ఆ అట్టల దండ జాకార్డు మీద, అంటే మగ్గం పైన పోగుల్ని ఎత్తే పరికరం మీద తిరుగుతుంది. అంటే గడి తప్పితే మగ్గం మీద పోగు తప్పుతుంది. నాన్న మామిడిపిందె గీసేటప్పుడు వంపు దగ్గర గడులు లెక్కపెడుతూ పెదాలు కదిలించేవారు. మూడు, మూడు, రెండు, రెండు, ఒకటి, ఒకటి, ఒకటి. మళ్ళీ ఒకటి, రెండు, రెండు, మూడు. మధ్యలో మూడు, ఒకటి, మూడు అని వస్తే చెరిపేసేవారు. "వంపు విరిగింది" అనేవారు.

పిక్సెల్ గీతకి కూడా ఇదే లెక్క. మెట్లు క్రమంగా పెరగాలి, క్రమంగా తగ్గాలి. నీ గిత్త వీపు గీత, మూపురం వంపు, గొంతు కింద గంగడోలు వేలాడే గీత, ఈ మూడింటిలో గడులు ఎన్నెన్ని చొప్పున మెట్టు దిగుతున్నాయో కాగితం మీద రాసుకో. అంకెలు ఎక్కడ ఎగుడుదిగుడుగా ఉంటే బొమ్మ అక్కడే గరుకుగా కనిపిస్తుంది. కళ్ళతో వెతికేదానికంటే అంకెలతో తొందరగా దొరుకుతుంది.

ఇంకో మాట. నేతలో గడి చాలాసార్లు చతురస్రం కాదు. పడుగు ఒత్తు, పేక ఒత్తు (నిలువు పోగులు, అడ్డ పోగులు ఎంత దగ్గరగా ఉంటాయో) వేరుగా ఉంటాయి కాబట్టి గ్రాఫులో గుండ్రంగా ఉన్న పువ్వు బట్టలో సాగుతుంది. అందుకని ఆ నిష్పత్తికి తగ్గ గ్రాఫు కాగితమే వాడతారు. కంప్యూటర్‌లో ఆ బాధ లేదు, నీ గడి చతురస్రమే. అది ఎంత సుఖమో నాన్నకి చూపిస్తే తెలిసింది.

మొదట కాగితం మీద గీయడం తక్కువ పని ఏం కాదు. 1984లో వచ్చిన మాకింతోష్ కంప్యూటర్‌కి ఐకాన్లు గీసిన సుసాన్ కేర్ కూడా గళ్ళ నోటుబుక్కులో 32×32 గడులు పెట్టుకుని పెన్సిలుతోనే మొదలుపెట్టారు.


పలక_బలపం | ఆదివారం, ఉదయం 8:15

మార్కాపురం నుంచి. పలకల ఊరు కదా, నేను పలక మీద గళ్ళు గీసుకుని బలపంతో ప్రాక్టీసు చేస్తాను. తప్పయితే చెరిపేయడమే, టెన్షన్ ఉండదు. మా చెల్లెలి పిల్లలు కూడా పక్కన కూర్చుని 8×8లో పిల్లులు, చేపలు వేస్తున్నారు. ఫోన్‌లో అయితే పిక్సెల్ స్టూడియో యాప్ బాగుంటుంది.


సింగరాయకొండ_చిన్నోడు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

అన్నా, నల్ల ఆకారం గీశాను, పాత నడక ఫైలుతో పాటు ఇక్కడ పెట్టాను. అమ్మ చూసి "గేదె" అంది. నాన్న "ఏదో పశువు" అన్నాడు. మనసు ఉసూరుమంది. కానీ విషయం అర్థమైంది. నా పాత బొమ్మ గిత్తలా అనిపించింది తెల్ల రంగు వల్లే, ఆకారం వల్ల కాదు.

పడుగు_పేక అన్నా, మీరు చెప్పినట్టు వీపు గీత అంకెలు రాశాను. 6, 2, 5, 1, 4 అని వచ్చింది! నాలుగు నెలలుగా ఆ వీపు ఎందుకు గరుకుగా ఉందో తెలియక రంగులు మార్చుకుంటూ కూర్చున్నాను.

ఆకారం ఎక్కడ సరిచేయాలో చెప్పండి.


దర్శి_కాడి | ఆదివారం, సాయంత్రం 5:30

నాకు కంప్యూటర్ బొమ్మలు తెలియవు. మా అబ్బాయి ఈ పేజీ చూపిస్తే రాయిస్తున్నాను. నలభై ఏళ్ళుగా గిత్తల్ని మేపుతున్నాను. నీ బొమ్మ చూశాను నాయనా. ఎందుకు గేదె అన్నారో చెప్తాను.

మొదటిది మూపురం. నువ్వు వీపు మధ్యలో పెట్టావు. అది భుజాల పైన, మెడకి వెనకాలే ఉండాలి. మంచి గిత్తకి మూపురం నిటారుగా నిలబడాలి, రెండు పక్కలా నిండుగా ఉండాలి, ఒక పక్కకి ఒరగకూడదు. రెండోది కొమ్ములు. నువ్వు పొడుగ్గా వంకర తిప్పావు, అందుకే గేదె అయింది. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా, బయటికీ వెనక్కీ పోతాయి. మూడోది గంగడోలు. గొంతు కింద నుంచి ముందు కాళ్ళ మధ్య దాకా మడతలు మడతలుగా వేలాడాలి. నువ్వు అసలు పెట్టనే లేదు. నాలుగోది తోక కుచ్చు, నల్లగా ఉండాలి. ముట్టె నలుపు. కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్ల అంచు ఉంటుంది. మగదానికి తల, మెడ, మూపురం మీద బూడిద రంగు ఛాయ వస్తుంది. ఒళ్ళంతా ఒకే తెలుపు ఉండదు.

ఇక నడక. ఊరికే నడిచే గిత్త వేరు, బండ లాగే గిత్త వేరు. నువ్వు గీసింది మేతకి పోతున్న పశువు. బండ లాగేటప్పుడు తల కిందికి వస్తుంది, మెడ ముందుకి చాస్తుంది, కాడి మూపురానికి ముందు మెడ మీద బిగుసుకుంటుంది. వెనక కాళ్ళు వెడంగా వేసి గిట్టలు నేలలో దిగేసి తోస్తుంది. అడుగు చిన్నది. ఎప్పుడు చూసినా మూడు కాళ్ళు నేల మీద ఉంటాయి, ఒక్కటే లేస్తుంది. లేచింది కూడా తొందరగా దిగిపోతుంది. బలం అంతా వెనక తొడల్లో కనిపించాలి.


పెన్నా_గట్టు | ఆదివారం, రాత్రి 9:10

పెద్దాయనకి నమస్కారం. నేను పది పేజీలు రాసినా ఇంత స్పష్టంగా రాదు.

తమ్ముడూ, ఆయన మాటల్ని ఫ్రేముల్లోకి దించుదాం. ముందు మామూలు నడక, తర్వాత లాగే నడక.

నాలుగు కాళ్ళ జంతువు నడిచేటప్పుడు కాళ్ళు ఒక వరుసలో పడతాయి: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. నీ పాత బొమ్మలో ముందు రెండూ ఒకసారి, వెనక రెండూ ఒకసారి కదిలాయి. కుందేలు గెంతినట్టు ఉంటుంది అట్టా చేస్తే. ఈ వరుసలు కంటితో పట్టుకోవడం కష్టం. గుర్రం పరుగులో నాలుగు గిట్టలూ ఒకేసారి గాల్లోకి లేస్తాయా లేదా అని జనం వాదించుకునేవాళ్ళు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీస్తే గానీ తేలలేదు. లేస్తాయి, అదీ కాళ్ళు నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. 1887లో ఆయన జంతువుల కదలికల ఫొటోలు 781 ప్లేట్లుగా, అంటే విడివిడి షీట్లుగా అచ్చువేశాడు. యానిమేషన్ చేసేవాళ్ళు ఇప్పటికీ వాటిని ముందు పెట్టుకుని గీస్తారు.

8 ఫ్రేములు, 4 కాళ్ళు. కాబట్టి ఒక్కో కాలు ముందుదాని కంటే 2 ఫ్రేములు ఆలస్యంగా మొదలవుతుంది. ఎడమ వెనక కాలు 1వ ఫ్రేములో నేలని తాకితే, ఎడమ ముందుది 3లో, కుడి వెనకది 5లో, కుడి ముందుది 7లో తాకుతుంది. వెనక కాలు ఒకటి, ముందు కాలు ఒకటి గీస్తే మిగతా రెండూ కాపీ చేసి జరుపుకోవడమే. ముందు కాలు, వెనక కాలు మాత్రం ఒకటే గీయొద్దు. ముందు మోకాలు ముందుకి పొడుచుకొస్తుంది, వెనక కాలి కీలు వెనక్కి పొడుచుకొస్తుంది. అవతలి వైపు కాళ్ళకి ఒక ఛాయ ముదురు రంగు వెయ్యి, లేకపోతే నాలుగు కాళ్ళూ కలిసిపోయి చీపురులా కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు జబ్బు, జారడం. దీనికి కారణం ఒక్కటే. నేల మీద ఉన్న గిట్ట నేలతో పాటు వెనక్కి పోవాలి, ప్రతి ఫ్రేముకీ సమానంగా పోవాలి. నీ ఫైల్ తెరిచి ఒక్క గిట్టని మాత్రమే చూశాను. 1 నుంచి 2వ ఫ్రేముకి 5 పిక్సెళ్ళు వెనక్కి పోయింది, 2 నుంచి 3కి 1, తర్వాత 4. నేలేమో గేమ్‌లో ఒకే వేగంతో పోతోంది. మరి జారక ఏం చేస్తుంది?

కొత్తగా ఇట్టా పెట్టు. మామూలు నడకలో ఒక కాలు 8లో 5 ఫ్రేములు నేల మీద, 3 గాల్లో. నేల మీద ఉన్నప్పుడు ఫ్రేముకి 2 పిక్సెళ్ళు వెనక్కి, మొత్తం 10. గాల్లో ఉన్న మూడింటిలో 3, 4, 3 చొప్పున ముందుకి, మొత్తం 10. వెనక్కి పోయినంతా తిరిగి ముందుకి వచ్చేసింది, లెక్క సరి. ఒక్కో ఫ్రేము 100 మిల్లీ సెకన్లు ఉంటే సెకనుకి 10 ఫ్రేములు, అంటే గిత్త సెకనుకి 20 పిక్సెళ్ళు ముందుకి పోవాలి. గోడోలో వేగం సరిగ్గా 20 పెట్టు. 19 వద్దు, 25 వద్దు. వేగం పెంచాలంటే యానిమేషన్ వేగాన్ని కూడా అంతే పెంచాలి.

లాగే నడకకి పెద్దాయన చెప్పిన లెక్క ఎంత బాగుందో చూడు. ఒక కాలు 6 ఫ్రేములు నేల మీద, 2 గాల్లో. ఫ్రేముకి 1 పిక్సెల్ వెనక్కి, తర్వాత 3, 3 ముందుకి. కాళ్ళ మధ్య తేడా 2 ఫ్రేములే కాబట్టి ఏ ఫ్రేము తెరిచినా గాల్లో ఒకే కాలు ఉంటుంది. మూడు నేల మీద, ఒకటి పైన. ఆయన పొలంలో చూసింది ఇక్కడ అంకెల్లో వచ్చింది.

ఒళ్ళు ముందే కదపొద్దు. కాళ్ళు కుదిరాక వీపుని 1 పిక్సెల్ పైకి కిందికి, తలని దానికి ఒక ఫ్రేము ఆలస్యంగా. గంగడోలు ఇంకో ఫ్రేము ఆలస్యంగా. వేలాడేది ఏదైనా చివర్లో కదలాలి, చివర్లో ఆగాలి.


కావలి_రైలు | ఆదివారం, రాత్రి 10:02

ఇదంతా ఎందుకు, ఏఐ బొమ్మలు వచ్చాయి కదా. అడిగితే ఇచ్చేస్తుంది.


పెన్నా_గట్టు | ఆదివారం, రాత్రి 10:20

నేనూ ప్రయత్నించాను. ఒక్క బొమ్మ చూడ్డానికి బాగుంటుంది. జూమ్ చేస్తే గడులు ఒక సైజులో ఉండవు. ఎనిమిది ఫ్రేములు అడిగినప్పుడు ఒక్కో దాంట్లో మూపురం ఒక్కో ఎత్తులో వచ్చింది, గిట్టలు నేలని ఒకే చోట తాకలేదు. వాటిని సరిచేయడానికి పట్టే టైములో కొత్తది గీసుకోవచ్చు. తమ్ముడు అడిగింది నేర్పమని కూడా.


మైపాడు_అల | సోమవారం, ఉదయం 11:15

తెల్లటి ఒంటి గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. నేను కొంగలు ఉన్న గేమ్ ఒకటి చేశాను, తెలుపుతో నెలల తరబడి కుస్తీ పట్టాను.

తమ్ముడూ, నువ్వు తెలుపుకి నీడగా నలుపు కలిపిన బూడిద రంగు వేశావు. మురికి పట్టినట్టు కనిపించేది అందుకే. ఎండలో నిలబడ్డ తెల్ల గిత్తని ఒకసారి కళ్ళు చికిలించి చూడు. నీడ పడ్డ పొట్ట భాగం బూడిద రంగులో ఉండదు. పైన ఆకాశం నీలం కాబట్టి ఆ నీడలో నీలం ఛాయ ఉంటుంది. కింద ఎర్రమట్టి నేల ఉంటే పొట్ట అడుగున ఆ మట్టి రంగు కొద్దిగా ఎక్కుతుంది. కాబట్టి నీడకి రంగు ముదురు చేయడం ఒక్కటే చాలదు, రంగునే కొంచెం పక్కకి జరపాలి.

నా లెక్కలో నీకు 6 రంగులు చాలు. ఒళ్ళంతా మీగడ రంగు. నీడకి లేత నీలం కలిసిన ఊదా. మూపురం, మెడ మీద పెద్దాయన చెప్పిన బూడిద ఛాయకి కొంచెం గోధుమ వైపు మొగ్గిన బూడిద. కొమ్ములకి, గిట్టలకి ముదురు గోధుమ. కళ్ళు, ముట్టె, తోక కుచ్చుకి దాదాపు నలుపు. ఆరోది అసలు తెలుపు, దాన్ని మాత్రం పిసినారిలా వాడు. మూపురం నెత్తిన 3 గడులు, వీపు మీద 5 గడులు, నుదుట 1. కంటి దగ్గర ఒక్క గడి తప్ప అంతే. ఎండ అక్కడ తగిలినట్టు కనిపిస్తుంది.

తక్కువ రంగులంటే తక్కువ పని అని కాదు. 1989 నాటి గేమ్ బాయ్ అనే చేతిలో పట్టే గేమ్ మిషన్‌లో 160×144 స్క్రీన్, మొత్తం 4 ఛాయలు. పాత నింటెండో గేమ్ మిషన్‌లో ఒక్కో స్ప్రైట్‌కి, అంటే కదిలే బొమ్మకి 3 రంగులు, నాలుగోది పారదర్శకం. వాళ్ళకి యంత్రం పెట్టిన హద్దు అది. మనం కావాలని పెట్టుకుంటాం, ఎందుకంటే ఫ్రేము మార్చినప్పుడల్లా 20 రంగుల్ని సరైన చోట పెట్టడం ఎవరివల్లా కాదు. నీ పాత యానిమేషన్‌లో ఒళ్ళు మినుకుమినుకుమంటున్నది అందుకే.

ఇంకోటి. నువ్వు అంచుల చుట్టూ నీడ వేసి మధ్యలో వెలుగు పెట్టావు. దాంతో గిత్త దిండులా ఉబ్బింది. ఎండ ఎటు నుంచి వస్తుందో తేల్చుకో. పోటీ మధ్యాహ్నం జరుగుతుంటే పై నుంచి. అప్పుడు వీపు వెలుగు, పొట్ట నీడ, గంగడోలు మడతల్లో నీడ. కుడి వైపు అంచు, ఎడమ వైపు అంచు ఒకేలా ఉండాల్సిన పని లేదు.

కన్ను గురించి చిన్న మాట. 48×32లో కంటికి నీకు దొరికేవి రెండు గడులు. రెండూ నలుపే పెట్టు, పక్కపక్కన. వాటికి పైన ఒక్క గడి ఆ అసలు తెలుపు పెట్టు. కాటుక పెట్టిన చూపు వస్తుంది. తెల్ల గుడ్డు గీయాలని చూస్తే మాత్రం భయపడ్డ గిత్త అవుతుంది.


సింగరాయకొండ_చిన్నోడు | గురువారం, రాత్రి 11:30

మూడు రాత్రులు కూర్చున్నాను. మూపురం ముందుకి జరిపాను. కొమ్ములు పొట్టివి చేశాను. గంగడోలు పెట్టాను. నల్ల ఆకారం అమ్మకి చూపించాను, అమ్మ కూర తరుగుతూ తల తిప్పి "మన గిత్తేగా" అంది. మా దొడ్లో గిత్త పోయి ఆరేళ్ళయింది. అమ్మ ఆ మాట అనగానే నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

నడక కుదిరింది. వేగం 20 పెట్టాను. గిట్ట నేలకి మేకు కొట్టినట్టు నిలబడింది అన్నా! అరగంట అదే చూస్తూ కూర్చున్నాను.

కానీ గేమ్‌లో పెట్టాక అంచులన్నీ మసగ్గా కనిపిస్తున్నాయి. వాట్సాప్‌లో స్నేహితుడికి పంపినా అంతే.


పలక_బలపం | శుక్రవారం, ఉదయం 7:05

గోడో 4లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్, రెండరింగ్, టెక్స్‌చర్స్‌లోకి వెళ్ళి డిఫాల్ట్ టెక్స్‌చర్ ఫిల్టర్‌ని నియరెస్ట్ చెయ్యి. యూనిటీ అనే ఇంకో గేమ్ ఇంజన్ వాడేవాళ్ళకి అయితే ఫిల్టర్ మోడ్ పాయింట్, కంప్రెషన్ నన్. బొమ్మని ఎప్పుడూ పీఎన్‌జీలోనే దాచు, జేపీజీ అయితే అంచుల దగ్గర లేని రంగులు పుట్టుకొస్తాయి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు. పెద్దది చేసేటప్పుడు 200, 300, 400 శాతం అనే చెయ్యి. 150 అంటే కొన్ని గడులు లావు, కొన్ని సన్నం అవుతాయి.


సింగరాయకొండ_చిన్నోడు | శుక్రవారం, ఉదయం 7:40

సరిపోయింది! థాంక్స్ అన్నా.

ఇంకో సంగతి అడగాలి. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు మూడు నెలల గేమ్ ఆర్ట్ కోర్సుకి 45 వేలు అడిగారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాన్న అప్పు చేస్తానంటున్నాడు.


మైపాడు_అల | శుక్రవారం, మధ్యాహ్నం 12:50

తమ్ముడూ, నాన్నని అప్పు చేయనివ్వకు. ఐదేళ్ళ కిందట నేనూ ఇట్టాంటి చోటే కట్టాను, పేరు చెప్పను. మూడు నెలల్లో రెండు నెలలు సాఫ్ట్‌వేర్ మెనూలు చూపించారు. మా చేత ఒక్క నడక కూడా పూర్తి చేయించలేదు. గ్యారంటీ అన్న ఉద్యోగం గురించి అడిగితే ఫోన్ ఎత్తడం మానేశారు. అమ్మ గాజులు విడిపించుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

పని ఇచ్చేవాళ్ళు సర్టిఫికెట్ అడగరు. ఒక క్యారెక్టర్ నిలబడటం, నడవటం, పరిగెత్తటం, దెబ్బ తినటం, ఇవి కదులుతూ కనిపిస్తే చాలు. నీ గిత్త పూర్తయితే అదే నీ చేతి పని.


దర్శి_కాడి | శుక్రవారం, రాత్రి 8:00

నడక చూశాను నాయనా. బాగుంది. ఇప్పుడు బండ సంగతి చెప్తాను.

నువ్వు గిత్తలు కదలగానే బండ కూడా కదిలేట్టు చేశావు. అట్టా జరగదు. ముందు గొలుసు వదులుగా ఉంటుంది. తోలేవాడు అదిలించగానే గిత్తలు ఒళ్ళు కిందికి దించుతాయి. గొలుసు సాగి బిర్రుగా నిలబడుతుంది. బండ కదలదు. అప్పుడే చూడు, జనం గుక్క బిగబడతారన్నావే, అదే క్షణం. గిత్త వెనక కాళ్ళు వణుకుతాయి. తర్వాత బండ ఒక్కసారిగా కీచుమని జరుగుతుంది, దాని ముందు మట్టి లేస్తుంది. కదిలాక మళ్ళీ ఆగనివ్వకూడదు. ఆగితే రెండోసారి కదిలించడానికి రెండింతల బలం కావాలి. పాలపళ్ళ గిత్తలు, అంటే ఇంకా లేత వయసువి, మొదటి ఊపులోనే బలం అంతా పోసేస్తాయి. వయసు ముదిరిన ఆరు పళ్ళవి, సీనియర్లు దాచుకుని లాగుతాయి. నీ ఆటలో ఆ తేడా పెట్టగలవా?


పెన్నా_గట్టు | శుక్రవారం, రాత్రి 9:35

తమ్ముడూ, దీనికి ఎక్కువ బొమ్మలు అక్కర్లేదు, టైము సరిగ్గా పెడితే చాలు. ఐదు ఫ్రేములు చెప్తాను. ఒళ్ళు దించడం 80 మిల్లీ సెకన్లు. గొలుసు బిగియడం 60. తర్వాత రెండు ఫ్రేములు, వాటి మధ్య తేడా తొడ దగ్గర ఒకే ఒక్క నీడ పిక్సెల్ పక్కకి జరగడం, అంతే. వాటిని మార్చి మార్చి 70 చొప్పున ఆరు ఏడు సార్లు తిప్పు. అదే వణుకు. అర సెకను దాకా బండ కదలదు. తర్వాత బండ ఊడొచ్చే ఫ్రేము 40. బరువు కనిపించేది ఆ ఆగిన అర సెకనులోనే. పాలపళ్ళ జతకి వణుకు తక్కువ సార్లు పెట్టి ఊపు ఎక్కువ ఇవ్వు, సీనియర్లకి తిరగేసి పెట్టు.

వీలైతే ఫోన్‌తో పందెం వీడియో పక్క నుంచి తియ్యి, కెమెరా కదపకుండా. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్‌లో హీరో కుర్రాడి పరుగు, దూకుడు అంత నిజంగా ఉండటానికి కారణం అదే. ఆ గేమ్ చేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి వీడియో తీసి, ఫ్రేము ఫ్రేముగా దాని మీద గీసుకున్నాడు.


సింగరాయకొండ_చిన్నోడు | తర్వాతి ఆదివారం, రాత్రి 10:15

మా పక్క ఊరి తిరునాళ్ళలో పందెం జరిగింది. గట్టు మీద ఫోన్ పెట్టి తీశాను. ఇంటికొచ్చి ఒక్కో ఫ్రేము ఆపి చూశాను. పెద్దాయన చెప్పినట్టే గొలుసు బిగిశాక బండ కదలడానికి అర సెకను పైనే పట్టింది. వణుకు తొడలోనే కాదు, మూపురం కొనలో కూడా ఉంది. ఆ ఒక్క పిక్సెల్ కూడా కలిపాను.

రాత్రి అన్నాలయ్యాక నాన్న ముందు లాప్‌టాప్ పెట్టాను. రెండు గిత్తలు, కాడి, గొలుసు, బండ. వెనక వైపు గిత్తకి వేరే బొమ్మ గీయలేదు, ముందుదాన్నే కాపీ చేసి ఒక ఛాయ ముదురు చేశాను. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. ఆయన చేతిలో బీడీ ఆరిపోయేదాకా కదలకుండా చూశాడు. మూడోసారి తిప్పి చూశాక వేలు పెట్టి చూపించాడు.

"ఎలపటది లాగుతోంది. దాపటది ఊరికే పక్కన నడుస్తోంది. కాడి మీద బరువు వేయట్లేదు."

నిజమే, రెండూ ఒకే కాలు ఒకేసారి ఎత్తుతున్నాయి. దాపట గిత్తకి, అంటే అవతలి వైపు దానికి అడుగులు మూడు ఫ్రేములు జరిపి, తల ఇంకో పిక్సెల్ కిందికి దించి, మెడ విడిగా గీస్తున్నాను. రేపు పొద్దునకి పెడతాను, చూడండి.